ఉప్పునీళ్ళ జాయింటు

శాంతయ్య ముందరి పన్ను ఊడిందన్న సంగతి ఒక్క పూటలోనే మైదుకూరు లారీ స్టాండంతా పాకింది. మామూలు మనిషి పన్నయితే ఎవరికీ పట్టేది కాదు. శాంతయ్య పన్ను పనిముట్టు. కడప కర్నూలు రోడ్డు పక్కన రేకుల షెడ్డులో లారీలకూ ట్రాక్టర్లకూ వైరింగు పని చేసే ఆ పెద్దమనిషి, ఏ వైరునైనా నోట కరిచి పంటితో అలా అదిమి ఇలా లాగాడంటే పై తొడుగు చెరుకు తొక్కలా ఊడొచ్చేది. లోపలి రాగిపోగు ఒక్కటి తెగేది కాదు. డ్రైవర్లు టీ గ్లాసులు చేత్తో పట్టుకుని నిలబడి మరీ చూసేవాళ్ళు. ఇప్పుడా పన్నును కాగితంలో పొట్లం కట్టి చొక్కా జేబులో వేసుకుని తిరుగుతున్నాడు.

"దాన్ని పారెయ్యి మామా," అంది కోడలు ప్రేమజ్యోతి.

"ఇంతకాలం కూడు పెట్టిన పన్ను. యాడ పారేసేది?"

"నా పెట్టెలో స్ట్రిప్పరుండాది. ఒక్క నొక్కు నొక్కితే తొడుగు ఊడొస్తాది."

"ఒక్క నొక్కుతో అయ్యే పనికి మేస్త్రి యాలమ్మే?" అని శాంతయ్య చాకు తీసుకుని వైరు గీక్కోవడం మొదలుపెట్టాడు. చాకు తొడుగుతో పాటు నాలుగు పోగులు కూడా తెగ్గోసింది. తానేమీ చూడనట్టు ఆ కొసను కాలికింద తొక్కేసి ఇంకో కొస అందుకున్నాడు.

పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం శాంతయ్య. అయితే పనిలో మోసగాడు కాదు. జాయింటు ఎవరు కట్టినా రెండు వైపులా పట్టుకుని మూడుసార్లు లాగి చూస్తాడు. కట్టింది తానైనా అంతే. "లాగితే రాకూడదు. అదీ జాయింటంటే," అంటాడు. లాగి చూశాక నల్లటేపు చుట్టి, టేపు కొసను బొటనవేలితో అణిచి, "పో సామీ, ఇంక నీ ఇష్టం," అని డ్రైవరు భుజం తట్టి పంపిస్తాడు. ఆ తట్టడం కోసమే అతని దగ్గరికి వచ్చేవాళ్ళున్నారు.

ప్రేమజ్యోతి కట్టి చూపించిన జాయింట్లను మాత్రం శాంతయ్య ఎన్నడూ లాగి చూడలేదు. ఆమె పెళ్ళికి ముందు తిరుపతి వైపు ఒక ఫ్యాక్టరీలో కార్ల వైర్లు అల్లే పని చేసింది. వచ్చేటప్పుడు తెచ్చుకున్న రేకుపెట్టెలో స్ట్రిప్పరు, వేడిగాలి ఊదే గన్ను, జాయింటు మీద తొడిగే, కొసల్లో నీలిగీతలున్న సన్నని ప్లాస్టిక్ స్లీవులు పొట్లాల నిండా ఉన్నాయి. భర్త ఏసుబాబు లారీ మీద నెలలో సగం రోజులు మహారాష్ట్ర దారిలోనే ఉంటాడు. ఇంట్లో ఊరికే కూర్చోలేక షెడ్డుకు వస్తానంది. శాంతయ్య వద్దనలేదు, కాకపోతే షెడ్డు నడుమ ఒక గోనెపట్టా వేలాడదీశాడు. బండి వచ్చి ఆగితే కోడలు పట్టా వెనక్కి పోవాలి. లోపల కూర్చుని వైర్లు కత్తిరించి, కట్టలు కట్టి, పట్టా కింద నుంచి అందించాలి. బండి మీద చెయ్యి వెయ్యకూడదు. లారీవాళ్ళకు సవాలక్ష పట్టింపులు, వాళ్ళతో మనకెందుకు అన్నది శాంతయ్య వాదన.

ఆ గురువారం హనుమన్న లారీ వచ్చింది. రాయచోటి నుంచి మామిడికాయల లోడుతో కర్నూలు పోతున్నాడు. వెనక లైట్లు వెలగడం లేదు. శాంతయ్య డ్యాష్‌బోర్డు కింద దూరి, తెగిన వైరు పట్టుకుని, అలవాటుగా నోట్లో పెట్టుకున్నాడు. పన్ను లేని సందులో వైరు హాయిగా అటూ ఇటూ తిరిగింది. బయటికి తీసి చాకుతో గీకాడు. పోగులు తెగాయి. వైరు పొట్టిదయిపోయింది. మళ్ళీ గీకాడు. హనుమన్న కాసేపు చూసి, మామిడికాయలు మాగి రసం కారేట్టున్నాయని గొణుగుతూ టీ కొట్టుకు పోయాడు.

ప్రేమజ్యోతికి ఇక పట్టా వెనక కాలు నిలవలేదు. "లే మామా, ఒక్క నిమిషం," అని అతన్ని జరిపి తాను వెల్లకిలా పడుకుంది. స్ట్రిప్పరుతో రెండు కొసల తొడుగూ తీసింది. జాయింటు కట్టకముందే స్లీవును ఒక వైరుకు ఎక్కించింది, ఇది మరిచిపోతే తర్వాత నెత్తిన చెయ్యి పెట్టుకోవాల్సిందే. రాగిపోగులను రెండు చేతుల వేళ్ళు కలిపినట్టు ఒకదాంట్లో ఒకటి దూర్చి మెలిపెట్టింది. స్లీవును వెనక్కి జరిపి, దాని నడుమ ఉన్న వెండిరంగు సోల్డరు రింగు సరిగ్గా మెలిక మీద కూర్చునేట్టు చూసింది. గన్ను పట్టింది. వేడిగాలికి స్లీవు ముడుచుకుని వైరును కరుచుకుంది. చాలామంది ఇక్కడే చాలనుకుంటారు. ఆమె ఆపలేదు. లోపలి రింగు మెత్తబడి, మెరిసి, ఉన్నట్టుండి రాగిలోకి ఇంకిపోయింది. అప్పుడు కొసలకు వేడి పట్టింది. నీలిగీతలున్న చోట లోపలి జిగురు కరిగి అంచున సన్నగా బయటికి ఉబికింది. ఆ జిగురు కంటికి కనబడితే ఇక లోపలికి చుక్క నీరు పోదు. స్విచ్చి వేస్తే వెనక లైట్లు ఎర్రగా వెలిగాయి.

హనుమన్న టీ తాగి వచ్చేసరికి డ్యాష్‌బోర్డు కింద గాజుల చెయ్యి కనిపించింది.

"ఏందప్పా శాంతయ్యా!" అని అరిచాడు. "నా బండిలో ఆడమనిషితో చెయ్యి పెట్టిచ్చినావా? అమాసకు నిమ్మకాయలు కట్టి తిప్పుకుంటాండా ఈ బండిని!"

"లైట్లు వెలుగుతాండాయి గదా అన్నా," అంది ప్రేమజ్యోతి బయటికి వస్తూ.

"నిన్నడగలేదమ్మా నేను. శాంతయ్యా, అది కోసేసి నువ్వు కట్టు. లేకుంటే దువ్వూరు కాడ కట్టిచ్చుకుంటా."

శాంతయ్య కోడలి వైపు చూడలేదు. కటింగ్ ప్లేయరు తీసుకుని జాయింటుకు అటొక నొక్కు ఇటొక నొక్కు నొక్కాడు. ఆ ముక్క మట్టిలో పడింది. అవస్థపడి వైరు గీకి, మెలిపెట్టి, టేపు చుట్టాడు. లైట్లు మళ్ళీ వెలిగాయి. హనుమన్న తృప్తిగా బండెక్కి పోయాడు.

ప్రేమజ్యోతి ఆ ముక్కను మట్టిలోంచి ఏరుకుంది. పట్టా వెనక కూర్చుని తానే మూడుసార్లు లాగింది. అది కదిలితేగా! కోసినందుకు ఆమెకు అంత బాధ లేదు, బేరం పోతుందని కోశాడు. లాగి చూసి కోసి ఉంటే బాగుండేది. లాగి చూసేపాటి పని కూడా కాదన్నమాట తనది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వాటి మీద తనకే కోపమొచ్చింది.

మరునాడు శివశంకర్ వచ్చాడు. చాపాడు వైపు భూములున్న రైతు కుటుంబం వాళ్ళది. ఇప్పుడు ప్రైవేటు స్కూలు నడుపుతున్నాడు. బడి తెరిచేలోపు స్కూలు బస్సులన్నిటికీ ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు, చేయించాలి, లైట్లన్నీ వెలిగితే గానీ బ్రేక్ ఇనస్పెక్టరు సంతకం పెట్టడు. ఏటా ఆ వైరింగు పని శాంతయ్యదే. ఆ పని వచ్చిందంటే నెలంతా షెడ్డుకు తీరిక ఉండదు.

"ఈసారి బస్సులు కడపకు పంపిస్తాండా శాంతయ్యా. ముఖం మీదే చెప్పిపోదామని వచ్చినా," అన్నాడు శివశంకర్.

శాంతయ్య చేతిలోని టేపుచుట్ట జారి దొర్లుకుంటూ రోడ్డు దాకా పోయింది. "ఏం తప్పు చేస్తి సామీ?"

"పోయిన వానాకాలం వనిపెంట దారిలో బస్సు వెనక లైట్లు ఆరిపోయినాయి. వానలో వెనకొచ్చే లారీకి బస్సు కనబడలేదు. వాడు దగ్గరికొచ్చి బ్రేకు కొట్టినాడు, పిలకాయలు బతికిపోయినారు. విప్పి చూస్తే నీ టేపు లోపల వైరు పచ్చగా చిలుమెక్కి ఉండాది."

"వానకు ఏ టేపైనా నానుతాది సామీ. అది నా తప్పా?"

"నీ తప్పని నేనంటల్యా. పిలకాయలెక్కే బండి. నాకు భయమప్పా."

అందులో కోపం లేదు. కోపమయితే శాంతయ్య ఏదో ఒకటి సర్ది చెప్పుకునేవాడు. భయానికి ఏం చెబుతాడు? పంటి సందులో నాలుక ఆడిస్తూ నిలబడిపోయాడు.

"నానకుండా కట్టే జాయింటుండాది సార్," అని గోనెపట్టా పలికింది.

శివశంకర్ ఉలిక్కిపడి చూశాడు. "ఎవురది?"

"మా కోడలు లే సామీ. లోపల సామాన్లు సర్దుతాంటాది," అన్నాడు శాంతయ్య కంగారుగా.

ప్రేమజ్యోతి పట్టా తొలగించుకుని బయటికొచ్చింది. "నా జాయింటు ఒకటి, మామ టేపు జాయింటు ఒకటి ఉప్పునీళ్ళల్లో ముంచి పెడతా సార్. రెండిటికీ బల్బులు తగిలిస్తా. సోమవారం దాకా అట్లే వెలగనిస్తా. నాది ఆరిపోతే మీరు కడపకే పోండి."

శివశంకర్ ఆమె వంకా, శాంతయ్య వంకా మార్చి మార్చి చూశాడు. బస్సులన్నీ కడప దాకా తోలించడం అతనికీ తలనొప్పే. "సోమవారం పొద్దన్నే వస్తా. వెలుగుతాంటే బస్సులు నీ కాడికే," అని పోయాడు.

కారు కనుమరుగయ్యాక శాంతయ్య కోడలి ముందు నిలబడ్డాడు. "నా షెడ్డులో, నా బేరం కాడ, నా జాయింటుతోనే పందెమా?"

"బస్సులు పోతాండాయి మామా."

"సరే. నీది వెలిగితే పట్టా నేనే పీకేస్తా. ఆరిపోయిందా, ఇంక ఎన్నటికీ పట్టా దాటి రావద్దు. సరేనా?"

"సరే," అంది ప్రేమజ్యోతి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈ పిల్ల రెండూ ఒక్క బక్కెట్లోనే గెలవాలనుకుంది.

శనివారం పొద్దున షెడ్డు ముందు ఆ బక్కెట్టు వెలిసింది. శాంతయ్య భార్య రాహేలమ్మ ఇంటి నుంచి ఉప్పు తెచ్చి దోసిళ్ళతో పోసి కట్టెతో తిప్పింది. చార్జరుకు తగిలించిన పాత బ్యాటరీ ఒకటి బల్ల మీద, దాని పక్కన చెక్కకు బిగించిన రెండు చిన్న బల్బులు. కుడివైపుది శాంతయ్య లైను, ఎడమవైపుది ప్రేమజ్యోతి లైను. ఎవరి లైనులో వాళ్ళు ఎర్రవైరుకొకటి, నల్లవైరుకొకటి జాయింట్లు కట్టి నీళ్ళలో ముంచారు. రెండు బల్బులూ వెలిగాయి.

"చూసినావా! నాదీ వెలుగుతాండాది," అన్నాడు శాంతయ్య.

"ఉప్పు కరగనీయయ్యా," అంది రాహేలమ్మ. ఆమె ఎవరి పక్షమో ఎవరికీ తెలియదు, ఆ ముక్క ఆమె ఇంతవరకూ చెప్పలేదు.

కాసేపటికి శాంతయ్య టేపు అంచుల నుంచి సన్నని బుడగలు లేవడం మొదలైంది. ఒకటి, తర్వాత ఇంకొకటి, తర్వాత ఆగకుండా. టేపు లోపలికి దూరిన ఉప్పునీళ్ళలో కరెంటు దారి వెతుక్కుంటోంది. ఎడమవైపు నీళ్ళు నిశ్చలంగా ఉన్నాయి. టీ కొట్టు దగ్గరున్న డ్రైవర్లంతా బక్కెట్టు చుట్టూ చేరారు. "సోడా కొట్టు పెట్టినావా శాంతయ్యా?" అన్నాడొకడు. గొల్లున నవ్వారు. సాయంత్రానికి నీళ్ళు పచ్చబడ్డాయి. కుడివైపు బల్బు నీరసించి నారింజ రంగుకు దిగింది. ఆదివారం తెల్లవారేసరికి పూర్తిగా ఆరిపోయి ఉంది. వైరు ఎత్తి చూస్తే టేపు లోపల రాగి ఏదో కొరికేసినట్టు తెగిపోయి ఉంది. ప్రేమజ్యోతి బల్బు మాత్రం మొదట్లో ఎలా వెలిగిందో అలాగే వెలుగుతోంది.

శాంతయ్య ఆ తెగిన కొసను చాలాసేపు చేతిలో తిప్పి చూసుకున్నాడు. నవ్వులాట కాదు అతనికి. ఇలాంటివి ఎన్ని కట్టి, ఎందరి భుజాలు తట్టి పంపించాడో!

చర్చికి బయలుదేరే వేళకు మోకాలు నొప్పి, రాలేనన్నాడు.

"ఊడింది పన్ను గదా, మోకాలికేమొచ్చె?" అంది రాహేలమ్మ.

"షెడ్డు కాడ ఎవురన్నా ఉండాల్నా వద్దా? బక్కెట్టు ఎవుడన్నా తన్నిపోతే?"

ప్రేమజ్యోతి చర్చిలో చాప మీద కూర్చుని పాట పాడుతోంది గానీ మనసంతా బల్బు మీదే ఉంది. సంఘం కోసం, సువార్త కోసం అయ్యగారు ప్రార్థన చేస్తుంటే ఆమె నడుమ నడుమ ఒక చిన్న బల్బును ఇరికించింది. దేవుడికి ఇలాంటివి కొత్తవి కావులే అనుకుంది. చర్చి నుంచి తిరిగి వచ్చేసరికి బల్బు వెలుగుతూనే ఉంది. శాంతయ్య గడప మీద కూర్చుని, ఎన్నడూ లేంది, ఏదో కూనిరాగం తీస్తున్నాడు. మామ మెత్తబడ్డాడనుకుని ఆమె సంతోషంగా ఇంటికి పోయింది.

సోమవారం పొద్దున బల్బు ఆరిపోయి ఉంది.

ప్రేమజ్యోతి మొదట నమ్మలేదు. బల్బు విప్పి నేరుగా బ్యాటరీకి ఆనించింది, వెలిగింది. క్లిప్పులు చూసింది, గట్టిగా ఉన్నాయి. ఈలోగా శివశంకర్ కారు వచ్చి ఆగింది. డ్రైవర్లు మూగారు. నిన్నటిదాకా శాంతయ్యను ఆటపట్టించినవాళ్ళే ఇప్పుడు, "ఫ్యాక్టరీ జాయింటు కూడా గోవిందా!" అని నవ్వారు. లోకానికి నవ్వడానికి ఎవరో ఒకరు దొరికితే చాలు.

ఆమె ఎర్రవైరు జాయింటును నీళ్ళలోంచి పైకి తీసింది. స్లీవు ముడుచుకునే ఉంది, కానీ దాని మీద నల్లటి మసి. కొసల దగ్గర జిగురు ఉబకలేదు. నడుమ సోల్డరు రింగు చెక్కుచెదరకుండా బూడిదరంగులో కూర్చుని ఉంది. దాని పక్కనే రాగి పచ్చగా చివికి తెగింది. వేడిగాలికి మసి పట్టదు. ఇది మంట. లైటరు మంటకు రోడ్డు గాలి తగిలి అటూ ఇటూ ఊగితే, పైన తొడుగు ముడుచుకుంటుందే గానీ లోపలి రింగు కరగదు. ఈ షెడ్డులో లైటరు జేబులో పెట్టుకుని తిరిగే మనిషి ఒక్కడే. బాప్తిస్మం తీసుకున్న రోజే బీడీ మానేశాడు గానీ లైటరు మానలేదు.

ప్రేమజ్యోతి తలెత్తి మామ వైపు చూసింది. శాంతయ్య రాటకు ఆనుకుని తన చెప్పుల వైపు చూసుకుంటున్నాడు.

ఒక్క మాట చాలు. 'ఇది నాది కాదు, మా మామ మార్చినాడు.' ఆ మాట అంటే ఆమె గెలుస్తుంది. ఇంతకాలం ఈ రోడ్డు మీద మేస్త్రీ అనిపించుకున్న మనిషి, ఇంతమంది ముందు, కోడలి బక్కెట్లో చెయ్యి పెట్టిన దొంగవుతాడు. మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఆమె దాన్ని మింగేసింది.

"ఏమ్మా? ఏమైంది?" అన్నాడు శివశంకర్.

"జాయింటుకు వేడి చాల్లేదు సార్. అందుకే నీళ్ళు పోయినాయి."

"అంటే నీ జాయింటు కూడా అంతేనన్నమాట."

ప్రేమజ్యోతి ఆ ముక్కను గుప్పిట్లో బిగించుకుని గోనెపట్టా వైపు నడిచింది. పట్టా అంచు పట్టుకుని ఎత్తింది. ఒక్క అడుగు వేస్తే లోపలికి పోయినట్టే. శివశంకర్ కారు తలుపు తీశాడు.

"ఆగు సామీ," అన్నాడు శాంతయ్య.

అందరూ అతని వైపు తిరిగారు. రాటను వదిలి బక్కెట్టు దగ్గరికి వచ్చాడు. జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. విప్పితే అందులో పన్ను ఉంది, పన్ను పక్కన నీలిగీతల స్లీవున్న వైరుముక్క ఒకటి ఉంది.

"ఆ అమ్మి జాయింటు ఇది. నీళ్ళల్లో ఆరిపోయింది నాది."

టీ కొట్టువాడు కూడా పాలు తిప్పడం ఆపి చూశాడు.

"నిన్న వీళ్ళు చర్చికి పోయినప్పుడు నేనూ ఒకటి కట్టి చూసినా. స్లీవు తీసినా, తొడిగినా. గన్ను పెడితే మోతకు టీ కొట్టోడు వస్తాడని లైటరుతో కాల్చినా. చూసేకి అచ్చం దానట్లే ఉండె. నాకూ వచ్చిందిరా పని అనుకున్యా. నీళ్ళల్లో నిలుస్తాదా లేదా తెలుసుకుందామని దానిది కోసి నాది కట్టినా. ఇదీ కత." ఒక్క క్షణం ఆగి, "నేర్పించమ్మే అని అడిగింటే అయిపోయేది. నోరు రాలే," అన్నాడు.

"పన్ను పోయినా పొగరు పోలేదు," అంది రాహేలమ్మ. ఆమె ఎవరి పక్షమో ఆ రోజు తెలిసింది.

శివశంకర్ కారు తలుపు మూసేసి వెనక్కి వచ్చాడు. "మాటలు సరే శాంతయ్యా. ఇది నిలుస్తాదని నాకేం నమ్మకం?"

శాంతయ్య ఆ ముక్క రెండు కొసలూ రెండు చేతుల్లో పట్టుకున్నాడు. అందరూ చూస్తుండగా లాగాడు. ఒకసారి. రెండోసారి భుజాలతో లాగాడు. మూడోసారి మెడనరాలు ఉబ్బేట్టు లాగాడు. "రాదు," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని ముఖంలో సిగ్గు లేదు, మంచి పనిని చూసిన పనివాడి సంబరం ఉంది. ప్రేమజ్యోతి పట్టా అంచు వదిలేసింది. శివశంకర్ కూడా లాగి చూశాడు. వేళ్ళు ఎర్రబడ్డాయి గానీ జాయింటు కదల్లేదు.

"కోసి చూపించమ్మా," అన్నాడు.

ప్రేమజ్యోతి వచ్చి బ్లేడుతో స్లీవును నిలువునా చీల్చింది. ఒక పగలూ రాత్రీ ఉప్పునీళ్ళలో నానిన జాయింటు అది. లోపల రాగీ సోల్డరూ కలిసి ఒకే ముద్దయి, తళతళ మెరుస్తున్నాయి. చిలుమూ లేదు, తడీ లేదు. దాన్ని అరచేతిలో పెట్టుకుని చుట్టూ చూపించింది. మొన్న సోడా కొట్టన్నవాడు, ఇందాక గోవిందా అన్నవాడు ఇద్దరూ మెడలు సాచి చూశారు. నవ్విన నాపచేనే పండడమంటే ఇదే.

శివశంకర్ ఆ ముక్కను తీసుకుని జేబులో వేసుకున్నాడు. "మా స్కూలు వాళ్ళకు చూపిస్తా. రేపు మొదటి బస్సు పంపిస్తాండా. చేసేదెవరు?"

శాంతయ్య గోనెపట్టా దగ్గరికి పోయి, రెండు చేతులతో పట్టుకుని, ఒక్క గుంజు గుంజాడు. మేకులు ఎగిరిపడ్డాయి. పట్టా దుమ్ము రేపుతూ కింద పడింది. వెనక ప్రేమజ్యోతి ఇన్నాళ్ళూ కూర్చున్న చిన్న స్టూలూ, రేకుపెట్టే రోడ్డుకంతటికీ కనిపించాయి.

"ఆ అమ్మి చేస్తాది సామీ," అన్నాడు దగ్గుతూ. "నేను వైర్లు అందిస్తా."

మొదటి బస్సు మంగళవారం వచ్చింది. ప్రేమజ్యోతి దాని వెనకభాగం కింద పడుకుని పని చేసింది. నేల వేడిగా ఉందని రాహేలమ్మ ఆ గోనెపట్టానే దులిపి ఆమె వీపు కింద పరిచింది. ఒక బస్సు తర్వాత ఒక బస్సు వచ్చింది. పాత టేపు జాయింట్లన్నీ కోసి పారేసి, ఒక్కొక్కటీ కొత్తగా కట్టింది. ఎఫ్‌సీకి పోయిన మొదటి బస్సు ఒక్క లైటుకు కూడా వంక పెట్టించుకోకుండా తిరిగొచ్చింది. డ్రైవరు షెడ్డు ముందు ఆపి, అక్కర్లేకపోయినా, ఇండికేటర్లన్నీ ఒకసారి వెలిగించి చూపించి మరీ పోయాడు. శాంతయ్య రోడ్డు మీద పోయేవాళ్ళందరికీ వినబడేట్టు నవ్వాడు. పంటి సందు కనబడితే కనబడనీ అనుకున్నట్టున్నాడు.

వారం చివర్లో హనుమన్న లారీ వచ్చి ఆగింది. కిందికి దిగి, తువ్వాలతో ముఖం తుడుచుకుని, "వెనక లైట్లు ఆరిపోయినాయప్పా. చాగలమర్రి కాడ వాన తగిలింది, పోలీసులు ఆపి చలానా రాసినారు. ఏం కట్టినావు నువ్వు?" అన్నాడు.

"నువ్వు కట్టమన్నదే కట్టినా," అన్నాడు శాంతయ్య. "ఇంక ఈడ టేపు లేదు హనుమన్నా. పని గావాలంటే మేస్త్రిని అడుగు. బస్సు కింద ఉండాది."

హనుమన్న బస్సు వైపు చూశాడు. గోనెపట్టా మీద నుంచి రెండు పాదాలు బయటికి కనబడుతున్నాయి. లారీ ముందు వేలాడుతున్న నిమ్మకాయల వైపు ఒకసారి చూసుకున్నాడు. అవి ఎండి నల్లబడి ఉన్నాయి.

బస్సు దగ్గరికి నాలుగు అడుగులు వేసి, గొంతు సవరించుకుని, "ఏమ్మా, నాదీ ఒకటి చూస్తావా?" అన్నాడు.

"చూస్తా అన్నా. ఇది అయిపోనీ, కూచో," అంది లోపలి నుంచి ప్రేమజ్యోతి. ఆమె గొంతులో దెప్పు లేదు. గెలిచినవాళ్ళకు దెప్పడంతో పనేముంది? హనుమన్న టీ కొట్టుకు కూడా పోకుండా అక్కడే ఆమె స్టూలు మీద కూర్చున్నాడు.

బస్సు పక్కన శాంతయ్య గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతిలో స్ట్రిప్పరు. ఒక్క నొక్కు నొక్కి తొడుగు తీసినప్పుడల్లా ఇంకా ఒక చిన్న నిట్టూర్పు వదులుతాడు, ఆ మాత్రం ఉంటుంది. స్లీవు ముందుగానే తొడిగాడు. పోగులు కలిపి మెలిపెట్టాడు. రింగును మెలిక మీదికి జరిపి, గన్ను అందుకున్నాడు. స్లీవు ముడుచుకుంది.

"సాలా?" అన్నాడు.

ప్రేమజ్యోతి బస్సు కింద నుంచి బయటికి జరిగి, మోచేతి మీద లేచి చూసింది. "ఇంకా సాల్లేదు మామా. రింగు కనబడతాండాది."

శాంతయ్య కళ్ళు చికిలించి పట్టుకునే ఉన్నాడు. చెమట కనుబొమ్మ మీదికి జారింది, తుడుచుకోలేదు. రింగు మెత్తబడింది, మెరిసింది, రాగిలోకి ఇంకిపోయింది. "పోయింది! పోయిందిమ్మే!" అని కేక పెట్టాడు. హనుమన్న ఏం పోయిందోనని లేచి నిలబడ్డాడు. శాంతయ్య కొసలకు వేడి పట్టి, జిగురు ఉబికేదాకా ఆగి, గన్ను ఆపేశాడు. జాయింటును నోటి దగ్గర పెట్టుకుని ఊది చల్లార్చాడు. అప్పుడు దాని రెండు కొసలూ కోడలి చేతుల్లో పెట్టాడు.

"లాగి చూడు మేస్త్రీ," అన్నాడు.

ప్రేమజ్యోతి లేచి కూర్చుని ఒకసారి లాగింది. మళ్ళీ లాగింది. మామ ముఖంలోకి చూసి, మూడోసారి ఉన్న బలమంతా పెట్టి లాగింది. రాలేదు.